మోటిలిటీ అంటే కదలికేనా? నాన్ మోటైల్ అంటే చచ్చిపోయినట్టా?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మోటిలిటీ అంటే ఉత్త కదలికేనా, మోటిలిటీ మొబిలిటీ ఒకటేనా, ల్యాబ్ రిపోర్టులో నాన్ మోటైల్ అని రాస్తే ఆ కణం చచ్చిపోయినట్టేనా అని. నేను గుంటూరులో మైక్రోబయాలజీ చదివాను. ఇప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. రోజూ ఎవరో ఒకరు రిపోర్టు పట్టుకుని ఈ మాట దగ్గరే వేలు పెట్టి అడుగుతుంటారు కాబట్టి చదివింది కొంత, చూసింది కొంత కలిపి చెబుతాను.

ఒక జీవి గానీ ఒక కణం గానీ తన సొంత శక్తిని ఖర్చుపెట్టి తనంతట తాను కదలగలగడాన్ని మోటిలిటీ అంటారు. తెలుగు పుస్తకాల్లో చలనశీలత అని కనిపిస్తుంది. ఆ గుణం ఉన్నది మోటైల్, లేనిది నాన్ మోటైల్. ఇందులో 'సొంత శక్తి', 'తనంతట తాను' అన్నవే అసలు ప్రాణం. బందరు కాలువలో గుర్రపుడెక్క ఊళ్ళు దాటి పోతుంది. పోతున్నది నీళ్ళు, అది కాదు. దాని పక్కనే వేలెడంత చేపపిల్ల జానెడు దూరం ఎదురీది ఆగిపోవచ్చు. మోటైల్ అంటే ఆ చేపపిల్ల. ఎంత దూరం పోయిందన్నది లెక్కలోకి రాదు.

ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది కానీ మైక్రోస్కోపు కింద చూసేటప్పుడు తేల్చుకోవడం కష్టం. డిగ్రీలో హ్యాంగింగ్ డ్రాప్, అంటే చుక్కని వేలాడదీసి చూసే ప్రాక్టికల్ చేసినవాళ్ళకి తెలుస్తుంది. కవర్ స్లిప్ అనే పల్చటి గాజు బిళ్ళ నాలుగు అంచులా కాస్త వాసెలిన్ పెట్టి, మధ్యలో కల్చర్ (బాక్టీరియా పెంచిన ద్రవం) చుక్క వేసి, దాని మీదకి మధ్యలో గుంట ఉండే కేవిటీ స్లైడు బోర్లించి, అంటుకున్నాక చటుక్కున తిరగేస్తాం. చుక్క కిందికి వేలాడుతూ ఉంటుంది. వాసెలిన్ గాలి చొరబడకుండా మూసేస్తుంది కాబట్టి చుక్క తొందరగా ఆరదు. ముందు తక్కువ పవర్లో చుక్క అంచుని పట్టుకుని, తర్వాత హై పవర్‌కి మారాలి. బాక్టీరియాకి రంగు వేయం కదా, వెలుతురు ఎక్కువైతే ఏమీ కనపడదు. స్లైడు కింద వెలుతురుని సర్దే కండెన్సర్ కొంచెం దించి, డయాఫ్రం మూసి, మసక వెలుతురులో చూడాలి. క్లాసులో సగంమంది ఈ వెలుతురు దగ్గరే చిక్కుకుంటారు. గుంటూరు ఎండల్లో ఫ్యాను గాలికి చుక్క ఆరిపోతోందని మేడమ్ ఫ్యాన్లు ఆపించేది. మిగతా ప్రాక్టికల్ అంతా చెమటలు కక్కుతూనే.

అంచు దొరికాక మొదటిసారి చూసిన ప్రతివాళ్ళూ 'కదులుతున్నాయి మేడమ్' అంటారు. ఏ స్లైడు ఇచ్చినా అదే మాట. స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా ఇచ్చినా కదులుతున్నాయనే అంటారు, అది అస్సలు మోటైల్ కాకపోయినా. కనిపించిన కదలిక మాత్రం నిజమే. నీటిలో ఉన్న అంత చిన్న రేణువు ఏదైనా, ప్రాణం ఉన్నా లేకపోయినా, ఊరుకోకుండా అక్కడక్కడే వణుకుతుంది. చుట్టూ ఉన్న నీటి అణువులు అన్ని వైపులనుంచీ ఎడాపెడా తోస్తుంటాయి. దీన్నే బ్రౌనియన్ చలనం అంటారు. 1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పుప్పొడిలోని సూక్ష్మ రేణువులు నీళ్ళలో ఇలా వణకడం చూశాడు. ప్రాణం ఉన్నందువల్లే కదులుతున్నాయేమో అన్న అనుమానం ఆయనకీ వచ్చింది. వచ్చిన అనుమానాన్ని అక్కడితో వదిలేయకుండా గాజు పొడి, రాతి పొడి వేసి చూశాడు. అవీ అలాగే వణికాయి. అంటే ప్రాణంతో పనిలేని కదలిక అన్నమాట. అది ఎందుకో లెక్కగట్టి చెప్పడానికి 1905లో ఐన్‌స్టీన్ రావాల్సి వచ్చింది. దాన్ని ప్రయోగాలతో రుజువు చేసిన జాన్ పెరాన్‌కి 1926లో నోబెల్ ఇచ్చారు.

ఇది ఒక తికమక. రెండోది ప్రవాహం. చుక్క అంచున నీరు ఆవిరవుతుంటే లోపల సన్నటి ప్రవాహం మొదలవుతుంది. టేబుల్ కదిలినా అంతే. అప్పుడు ఫీల్డులో ఉన్నవన్నీ ఒకే దిక్కుకి, ఒకే వేగంతో కొట్టుకుపోతాయి. చూసేవాళ్ళకి 'అబ్బో, ఎంత జోరుగా పోతున్నాయో' అనిపిస్తుంది. ఇదీ మోటిలిటీ కాదు.

మరి ఏది అవును? మేము వాడే గుర్తు ఒకటే. రెండు బాక్టీరియాల మధ్య దూరం చూస్తాం. ఒకటి తూర్పుకి పోతుంటే దాని పక్కనుంచి ఇంకొకటి పడమరకి దాటిపోవాలి. ఒకదాన్నొకటి దాటుకుంటూ, తమ ఒంటి పొడవుకి ఎన్నో రెట్లు దూరం పోతూ, మధ్యలో దిక్కు మార్చుకుంటూ ఉంటే అది మోటైల్. అన్నీ ఒకే వైపు పోతే ప్రవాహం. ఉన్నచోటే వణుకుతుంటే బ్రౌనియన్. వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్ తప్పకుండా అడిగేది ఇదే కాబట్టి మీరు విద్యార్థి అయితే ఈ పేరాని బాగా గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఇ. కోలై అనే బాక్టీరియా స్లైడు చూశాక ఇక ఎవరూ చెప్పక్కర్లేదు, తేడా కంటికే తెలిసిపోతుంది. కాసేపు తిన్నగా పోతుంది, ఉన్నట్టుండి పల్టీ కొడుతుంది, ఇంకో దిక్కు పట్టుకుని మళ్ళీ తిన్నగా పోతుంది. ఒళ్ళు చూస్తే రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). సెకనుకి ఇరవై ముప్ఫై మైక్రాన్లు ఈదుతుంది. అంటే సెకనులో తన పొడవుకి పది పదిహేను రెట్లు. ఈదడానికి దాని ఒంటి నిండా కశాభాలనే సన్నటి తోకలు ఉంటాయి, మనం ఫ్లాజెల్లా అంటాం. కశాభం మందం 20 నానోమీటర్లే కాబట్టి మామూలు మైక్రోస్కోపులో కనపడదు, దాన్ని లావుగా చేసే ప్రత్యేకమైన స్టెయిన్ కావాలి. చాలాకాలం అందరూ కశాభం కొరడాలా అటూ ఇటూ ఆడుతుందనుకున్నారు. 1974లో సిల్వర్‌మన్, సైమన్ అనే ఇద్దరు కశాభాన్ని గాజుకి అంటుకునేలా చేసి చూశారు. కశాభం కదలడానికి లేదు కాబట్టి బాక్టీరియమే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. అంటే కశాభం ఆడటం లేదు, తిరుగుతోంది. దాని మొదట్లో నిజంగానే ఒక మోటారు ఉంది. పొర బయటనుంచి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహంతో నడుస్తుంది. నా మటుకు నాకు మైక్రోబయాలజీ మొత్తంలో ఇంతకన్నా అబ్బురం ఇంకోటి లేదు. ఇందాక 'సొంత శక్తి' అన్నది ఈ మోటారు తినే శక్తినే.

తోక ఉంటేనే మోటైల్ అనుకోకండి. మలేరియా దోమ కుట్టినప్పుడు చర్మంలోకి దిగే స్పోరోజోయిట్లనే మలేరియా క్రిములకి కశాభం ఉండదు, జారుకుంటూ పోతాయి. అమీబా తన ఒంటినే కాళ్ళలా సాగదీసి, అంటే మిథ్యాపాదాలు చాపుకుంటూ పోతుంది. ఇంటర్ జువాలజీలో ప్రోటోజోవా గమనం అని చదివినవన్నీ ఈ కోవలోవే.

మా పనిలో కదిలే తీరుని బట్టి సూక్ష్మజీవిని అనుమానించడం కూడా ఉంది. కలరా బాక్టీరియాకి ఒక చివర ఒకే కశాభం. అది ఫీల్డులో సర్రున దూసుకుపోతుంది. ఆ వేగం ఒకసారి చూస్తే మర్చిపోలేం. దానికి సరిపోయే యాంటీసీరం (ఆ బాక్టీరియాని పట్టుకునే యాంటీబాడీలున్న ద్రవం) చుక్క వేస్తే ఆగిపోతుంది. అలా ఆగితే అనుమానం బలపడుతుంది, ఆపైన కల్చర్ చేసి తేల్చాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు విరేచనాలంటే చాలు జనం భయపడిపోయారు. అలాంటి రోజుల్లో మోషన్ శాంపిల్ పొద్దున తీసి సాయంత్రం తెస్తే మాకు ఉపయోగం తక్కువ. అమీబా, జియార్డియా లాంటి పరాన్నజీవులు కదిలే దశలో కనపడాలంటే శాంపిల్ తాజాగా ఉండాలి, పల్చటి విరేచనమైతే అరగంటలోపు చూడాలి. ఆలస్యమైతే అవి ఆగిపోతాయి, చెదిరిపోతాయి. గట్టి పెంకుతో ఉండే సిస్టులు మాత్రం కనిపిస్తాయి, అవి ఎలాగూ కదలవు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. నాన్ మోటైల్ అంటే చచ్చిపోయినట్టు కాదు. రెండు వేర్వేరు విషయాలు. షిగెల్లాకి కశాభాలు లేవు, క్లెబ్సియెల్లాకి లేవు, టీబీ బాక్టీరియాకి లేవు. అయినా అవి మనుషుల్ని మంచాన పడేస్తూనే ఉన్నాయి. నాన్ మోటైల్ అన్నది వాటికి పుట్టుకతో వచ్చిన లక్షణం, నీరసం కాదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే బాక్టీరియా ఒక వేడిలో కదిలి, ఇంకో వేడిలో కదలకపోవచ్చు. లిస్టీరియాని 25 డిగ్రీల దగ్గర పెంచితే పల్టీలు కొడుతూ ఈదుతుంది, 37 దగ్గర పెంచితే దాదాపు కదలదు. అందుకని ఏ టెంపరేచర్‌లో పెంచారో రికార్డులో రాయకుండా నాన్ మోటైల్ అని రాస్తే అది సగం జవాబే. మైక్రోస్కోపులో తేలకపోతే బాక్టీరియాని పల్చటి అగార్‌లో (జెల్లీ లాంటి మేత) సూదితో గుచ్చి ఇంక్యుబేటర్లో పెట్టడం ఇంకో దారి. కదల్లేనిది గుచ్చిన గీత వెంబడే పెరుగుతుంది, కదిలేది గీత దాటి చుట్టూ మబ్బుగా పరుచుకుంటుంది.

మీరు రిపోర్టు అన్నారు కాబట్టి అది వీర్య పరీక్ష రిపోర్టు అయి ఉంటుందని నా ఊహ. మా దగ్గర మోటిలిటీ మీద ఎక్కువ టెన్షన్ పడేది ఆ కాగితం పట్టుకున్నవాళ్ళే. చాలాసార్లు రిపోర్టు తీసుకోవడానికి భర్త రాడు, భార్యో అత్తగారో వస్తారు. 'కౌంట్ బాగానే ఉంది కదమ్మా, మరి ఇదేంటి తక్కువ ఉంది?' అని మోటిలిటీ గడి చూపిస్తారు. కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయని, మోటిలిటీ అంటే వాటిలో నూటికి ఎన్ని కదులుతున్నాయని. కోట్లలో ఉన్నా ఈదేవి లేకపోతే అండం దాకా చేరడం కష్టం.

ఈ రిపోర్టులో మామూలుగా మూడు రకాలు రాస్తారు. ముందుకి సాగేవి ప్రోగ్రెసివ్. తోక ఆడిస్తున్నా ఉన్నచోటే తిరిగేవి నాన్ ప్రోగ్రెసివ్. అస్సలు కదలనివి ఇమ్మోటైల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో ఎడిషన్ ప్రకారం మొత్తం మోటిలిటీకి (ప్రోగ్రెసివ్, నాన్ ప్రోగ్రెసివ్ కలిపి) కింది హద్దు 42 శాతం, ప్రోగ్రెసివ్‌కి 30 శాతం. 2010 నాటి ఎడిషన్‌లో ఇవి 40, 32. రెండు ల్యాబుల రిపోర్టుల్లో 'నార్మల్' దగ్గర వేర్వేరు అంకెలు కనిపిస్తే కారణం చాలావరకు ఇదే, ఎవరో మోసం చేశారని కాదు. పైగా ఈ అంకెలు పాస్ మార్కులు కావు. ఏడాదిలోపు పిల్లలు కలిగిన మగవాళ్ళని పరీక్షించి, వాళ్ళలో అట్టడుగు 5 శాతం దగ్గర గీసిన గీత అది. గీత కింద ఉన్నవాళ్ళకి పిల్లలు పుట్టరని అందులో ఎక్కడా లేదు, పైన ఉన్నవాళ్ళకి గ్యారంటీ కూడా లేదు.

ఇక్కడే ఇమ్మోటైల్ వేరు, చచ్చినవి వేరు అన్నది బాగా పనికొస్తుంది. కదలనివి మరీ ఎక్కువగా ఉంటే మేము వైటాలిటీ, అంటే ఎన్ని బతికున్నాయన్నది కూడా చూస్తాం. ఇయోసిన్ అనే ఎర్ర రంగు వేస్తే చచ్చినవాటి పొర దెబ్బతిని ఉంటుంది కాబట్టి రంగు లోపలికి పోయి తల ఎర్రబడుతుంది. బతికున్నవి రంగుని రానివ్వవు, తెల్లగానే ఉంటాయి. కదలకుండా తెల్లగా ఉన్నాయంటే బతికే ఉన్నాయి, ఈదే యంత్రం పనిచేయడం లేదంతే. అలాంటి బతికున్న కణాన్ని ఎంచి నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ పద్ధతి ఉంది. అసలు వృషణంలో తయారైనప్పుడు ఏ శుక్రకణమూ ఈదలేదు. పక్కనే ఉండే ఎపిడిడైమిస్ గొట్టంలో ప్రయాణం చేస్తూ ఆ శక్తి తెచ్చుకుంటుంది. చాలా అరుదుగా కొందరిలో తోకని ఆడించే డైనీన్ అనే భాగమే పుట్టుకతో లోపిస్తుంది. అలాంటివాళ్ళకి చిన్నప్పటినుంచీ దగ్గు, సైనస్ బాధలు కూడా ఉంటాయి, ఎందుకంటే ఊపిరి గొట్టంలో కళ్ళెని పైకి నెట్టే శైలికలు (సన్నటి వెంట్రుకల్లాంటివి) కూడా అదే డైనీన్‌తో ఆడతాయి. ఈ రెండిటికీ మూలం ఒకటేనని 1976లో అఫ్జీలియస్ చూపించాడు.

రిపోర్టు చూసి బెంబేలెత్తేముందు శాంపిల్ ఎలా ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. రెండు నుంచి ఏడు రోజుల విరామం తర్వాత ఇవ్వాలి. వీలైతే ల్యాబులోనే ఇవ్వాలి. ఇంటినుంచి తెస్తే గంటలోపు మా బల్ల మీద ఉండాలి. మే నెలలో బెజవాడ ఎండలో బైకు డిక్కీలో పెట్టి, బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఆగి తెచ్చిన డబ్బాలో మోటిలిటీ పడిపోయి ఉంటే దానికి మనిషిని అనాల్సిన పనిలేదు. 'ఎండకి పాడవుతుందని ఐసులో పెట్టి తెచ్చాం' అనేవాళ్ళూ ఉన్నారు. చల్లదనం కూడా కదలికని ఆపేస్తుంది. చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా తెస్తే చాలు. మామూలు కండోమ్‌లో సేకరించి తేవద్దు, రబ్బరు శుక్రకణాలకి పడదు. మూణ్ణెల్లలోపు గట్టి జ్వరం వచ్చి ఉంటే డాక్టరుకి చెప్పండి, ఎందుకంటే ఒక శుక్రకణం తయారవడానికే రెండున్నర నెలలకు దగ్గరగా పడుతుంది. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకండి. డాక్టర్లు కూడా తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత మళ్ళీ చేయించమనే అంటారు.

కాస్త పక్కకి పోయి మిరప సంగతి ఒకటి చెబుతాను, గుంటూరు వాళ్ళకి ఇది తొందరగా ఎక్కుతుంది. మా బంధువులు ప్రత్తిపాడు వైపు మిరప వేస్తారు. నారుమడిలో వచ్చే నారుకుళ్ళుకి కారణమైన పిథియం అనే శిలీంద్రం లాంటి జీవి, నీళ్ళు నిలిచిన చోట కశాభాలున్న బీజాల్ని వదులుతుంది. అవి మట్టి రేణువుల మధ్య ఉన్న నీటిలో ఈదుకుంటూ వేర్ల దాకా పోతాయి. అవి మోటైల్. ఎత్తు మళ్ళ మీద నారు పోయమనడం, నీళ్ళు నిలవనివ్వొద్దనడం అందుకే, ఈదడానికి నీరు లేకపోతే వాటి ఆట కట్టు. అదే చేలో తర్వాత వచ్చే కొమ్మఎండు, కాయకుళ్ళు తెగులు బీజాలు అస్సలు ఈదలేవు. వాన చినుకు పడి చింది పక్క మొక్క మీద పడతాయి. చేనంతా పాకేది రెండోదే, అయినా మోటైల్ మాత్రం మొదటిదే.

మొబిలిటీ సంగతి ఒక్క ముక్కలో. కదిలే వీలు ఎంత ఉందన్నది మొబిలిటీ. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఫిజియోథెరపీ అతను చూసేది కీలు ఎంత వంగుతుందన్నది, అది మొబిలిటీ. ఆ కాలు పేషెంటు వంచినా అతను పట్టుకుని వంచినా వంగుతుంది. మోటిలిటీకి ఆ 'ఎవరో పట్టుకుని' అన్నది కుదరదు.

కడుపు డాక్టర్లు కూడా మోటిలిటీ అంటారు. వాళ్ళనేది పేగు గోడ కండరాలు తిన్నదాన్ని తమంతట తాము ముందుకి నెట్టే తీరు గురించి. అది మందగించినప్పుడు తిన్నాక చాలాసేపు కడుపు బరువుగా ఉందంటే డోంపెరిడోన్ లాంటివి రాస్తారు, అతిగా ఉన్నప్పుడు తగ్గించడానికి లోపెరమైడ్ లాంటివి ఉన్నాయి. జ్వరంతోనో రక్తంతోనో విరేచనాలు అవుతుంటే రెండోదాన్ని మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు. ఆ సమయంలో పేగు నెట్టేస్తున్నది క్రిముల్ని కూడా.

మీ రిపోర్టులో ఉన్నది ఏ పరీక్షో, పక్కన ఏ అంకె ఉందో చెబితే దాని సంగతి విడిగా రాస్తాను. పేరు, ఫోన్ నంబరు కనపడకుండా చూసుకోండి.